ఎవరూ తొడగని లాల్చీలు

మా మనవరాలు రాజమండ్రిలో కొత్త అపార్టుమెంటులో కాపురం పెడితే చూసి రావడానికి వెళ్ళాను. ఇల్లంతా చూపించి, చివరికి వెనక బాల్కనీలో బట్టలు ఉతికే మిషను దగ్గరికి తీసుకెళ్ళింది. గోడకి బిగించిన అరలో రంగురంగుల సీసాలు వరసగా నిలబెట్టి ఉన్నాయి. తెల్లబట్టలకొకటి, రంగుబట్టలకొకటి, పట్టుకీ ఉన్నికీ కలిపి ఒకటి, మరకలకి వేరే ఒకటి, ఉతికిన తరవాత వాసన కోసం ఇంకొకటి. ఆ వాసన సీసా మూత తీసి నా ముక్కు దగ్గర పెట్టి, "ఎలా ఉందమ్మమ్మా?" అంది. పువ్వు వాసనే, కాని ఏ పువ్వో చెప్పలేని వాసన. "మీ చిన్నప్పుడు ఇవేవీ లేవుగా, అన్నీ ఒకే సబ్బుతో ఉతికేసేవారా?" అని అడిగింది. నాకు నవ్వొచ్చింది. ఒకే సబ్బేంటి, మా ఇంట్లో బట్టకో వైద్యం ఉండేదని చెప్పడం మొదలుపెట్టాను. సోడా, కుంకుడుకాయలు, గంజి అంటూ నీలిమందు దగ్గరికి వచ్చేసరికి మాట ఆగిపోయింది. రత్నం అత్తయ్య సంగతి చెప్పకుండా నీలిమందు సంగతి చెప్పడం నాకు చేతకాదు. కొత్త కాపురంలో ఉన్న పిల్లకి ఆ కథ చెప్పడం ఇష్టంలేక, కాఫీ చల్లారిపోతోందని లోపలికి వచ్చేశాను.

మా ఇల్లు రామచంద్రపురంలో. వీధివైపు నాన్నగారి కిరాణా కొట్టు, దాని వెనక మేం ఉండే ఇల్లు, ఇంటి వెనక నుయ్యి, పెరటి గోడ దాటితే కాలువ. కొట్లోంచి ఇంట్లోకి వచ్చే దారిలో ఒక చీకటి గది ఉండేది. బట్టల సోడా బస్తాలు, కుంకుడుకాయల గోనెలు, పొడుగాటి బారుసబ్బులు అందులోనే పేర్చేవారు. తీగతో బారుసబ్బుని కోస్తుంటే వచ్చే ఆ చేదు వాసన, సోడా ఘాటు కలిసి గొంతులో పట్టుకునేవి. సబ్బుపొడి పొట్లాలు అప్పుడప్పుడే వస్తున్నాయి. నాన్నగారు వాటిని కొట్టు ముందువైపు, జనానికి కనబడేలా వేలాడదీసేవారు. మా అమ్మ సరదాపడి ఒక పొట్లం ఇంట్లోకి తెప్పించింది. నురగ బాగా వచ్చింది గాని చేతులు మండాయని రత్నం అత్తయ్య దాన్ని మళ్ళీ ముట్టుకోలేదు. అత్తయ్య నాన్నగారికి అక్క. పిల్లల్లేరు. మామయ్య నాన్నగారితో కలిసి వ్యాపారం చేసేవారు కనక వాళ్ళిద్దరూ మాతోనే, మేడ మీద గదిలో ఉండేవారు.

ఇంట్లో వంట అమ్మది, మడీ పూజా నాయనమ్మవి, ఉతుకు అత్తయ్యది. అది ఎవరూ అప్పజెప్పిన పని కాదు, ఆవిడ చేతికి వచ్చిన విద్య. దుప్పట్లూ బొంతలూ చాకలికి వేసేవాళ్ళం గాని, ఒంటిబట్టలు మాత్రం ఆవిడ బయటికి వెళ్ళనిచ్చేది కాదు. మా నూతి నీళ్ళు కాస్త ఉప్పగా ఉండేవి, సబ్బు విరిగిపోయేది. అందుకని ఉతుకుల రోజున కాలువ నీళ్ళు మోయించేది. ఎండాకాలంలో కాలువలు కట్టేస్తే ఆ రెండు నెలలూ ఆవిడ ముఖం చిన్నబోయి ఉండేది, తెల్లబట్టలు మసకబారిపోతున్నాయని. కొత్త రంగుచీరని మొదట రాతి ఉప్పు వేసిన నీళ్ళలో నానబెట్టేది, రంగు దిగకుండా. నూనె మరకకి శనగపిండి, తుప్పు మరకకి నిమ్మకాయ. అరటి కర అంటితే మాత్రం, "ఇది మనతోపాటే పోయేది" అని పక్కన పడేసేది. పట్టుబట్టకి కుంకుడుకాయ పులుసే గాని సబ్బు తగలనిచ్చేది కాదు. తెల్లనూలు బట్టలైతే సోడా నీళ్ళలో కాగులో ఉడకబెట్టి, బండ మీద ఉతికి, మూడు నీళ్ళలో జాడించి, చివరి నీళ్ళలో నీలిమందు కలిపేది. చిన్న గుడ్డముక్కలో నీలిమందు మూటకట్టి నీళ్ళలో తిప్పుతుంటే ఆ నీలం పొగలా, తీగల్లా విడిపోయి కిందికి దిగేది. నేను తొట్టి అంచు పట్టుకుని చూస్తూ ఉండిపోయేదాన్ని. ఆ తరవాత పల్చటి గంజి. ఆరిన లాల్చీని మడతపెట్టడానికి విదిపితే గరగరమని చప్పుడయ్యేది.

ఆ లాల్చీలన్నీ మామయ్యవి. మనిషి పొడుగ్గా, చామనచాయగా ఉండేవారు. తెల్లబట్టంటే ప్రాణం. లంక గ్రామాల్లో కొబ్బరికాయలూ పొగాకూ బేరం చేసుకోవడానికి కోటిపల్లి రేవు నుంచి పడవల మీద తిరిగేవారు. ఆ బురదలో తిరిగే మనిషికి తెల్లబట్టలెందుకని నాన్నగారు వేళాకోళం చేస్తే, "మీ అక్కయ్య చేతులు ఊరికే ఉండకూడదుగా బావా" అనేవారు. ఊరినుంచి రాగానే తిన్నగా పెరట్లోకి వెళ్ళి, విడిచిన లాల్చీ నూతి గట్టు మీద పెట్టి, "రత్నం, నీ పని వచ్చింది" అని పిలిచేవారు. ఆవిడ విసుక్కుంటున్నట్టే వచ్చేది. కాని మెడపట్టీ తిరగేసి ఎక్కడ ఎంత మురికి పట్టిందో చూసుకుంటున్నప్పుడు ఆవిడ ముఖంలో విసుగు ఉండేది కాదు.

ఒక శ్రావణమాసంలో గోదావరికి ఎర్రనీళ్ళు వచ్చాయి. వరద తీసిందనుకుని మామయ్య లంకలోకి వెళ్ళారు. తిరిగి వచ్చేటప్పుడు పడవ సుడిలో పడి తిరగబడింది. మిగిలినవాళ్ళలో కొందరు ఈదుకుని వచ్చారు, కొందరి శరీరాలు దిగువన దొరికాయి. మామయ్య దొరకలేదు. నాన్నగారు రేవులోనే ఉండి చేపలు పట్టేవాళ్ళ చేత వెతికించారు. వాళ్ళలో ఒక ముసలాయన మా ఇంటిదాకా వచ్చి, గుమ్మం బయటే నిలబడి చెప్పాడు. "గోదారి ఇచ్చేదైతే రెండు మూడ్రోజుల్లో ఇచ్చేస్తాదండి. ఇవ్వలేదంటే ఇంక ఉంచేసుకున్నట్టేనండి." నాయనమ్మ గోడకి చేరబడిపోయింది. అత్తయ్య మాత్రం అతనికి మంచినీళ్ళిచ్చి, "ఉంచుకున్నవాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు పంపుతారు కదా" అంది. అతను నీళ్ళు తాగకుండానే గ్లాసు కింద పెట్టి వెళ్ళిపోయాడు.

శరీరం లేదు కనక కర్మ లేదు. కర్మ లేదు కనక అత్తయ్య బొట్టు, గాజులు, పసుపు అలాగే ఉన్నాయి. తెల్లారి లేచి ఎప్పటిలాగే ముఖానికీ మెడకీ పసుపు రాసుకుని స్నానం చేసేది. వచ్చిన శనివారం మేడ మీద బీరువా తెరిచి గంధం రంగు పట్టు లాల్చీ ఒక్కటి తప్ప మామయ్య లాల్చీలూ పంచెలూ అన్నీ కిందికి దించింది. అవి అంతకుముందు వారమే ఉతికి మడతపెట్టినవి. అమ్మ ఏదో అనబోతే నాయనమ్మ చేత్తో వారించింది. అత్తయ్య వాటిని సోడాలో ఉడకబెట్టింది, ఉతికింది, నీలిమందు వేసింది, గంజి పెట్టింది, దండెం మీద ఆరేసింది, సాయంత్రం బొగ్గుల ఇస్త్రీపెట్టెతో ఇస్త్రీ చేసి బీరువాలో పెట్టింది. పై వారం మళ్ళీ దించింది. ఆ పై వారం మళ్ళీ. వేసుకునే మనిషి లేని బట్టలు అలా ఉతికీ ఉతికీ పల్చబడి, నీలిమందు ఎక్కీ ఎక్కీ, తెలుపు పోయి పాలలో నీలం చుక్క వేసినట్టయ్యాయి. కాలువ వైపు నుంచి గాలి వీస్తే ఆ లాల్చీలు దండెం మీద గుండెలు నింపుకుని, చేతులు చాచి నిలబడేవి. గాలి ఆగితే ఒక్కసారిగా మనిషి జారిపోయినట్టు వేలాడేవి. నేను ఆ రోజుల్లో పెరట్లోకి ఒంటరిగా వెళ్ళేదాన్ని కాదు. పక్కింటి సూరమ్మగారు ఊళ్ళో లేని సమయంలో ఇదంతా జరిగింది. ఆవిడ తిరిగి వచ్చిన కొత్తలో గోడమీంచి చూసి, "మీ అల్లుడుగారు ఊళ్ళోనే ఉన్నట్టున్నారే" అని నాయనమ్మని నవ్వుతూ పలకరించింది. సంగతి తెలిశాక ఆవిడ మా పెరటివైపు కిటికీ మూసేసుకుంది.

ఏడాది గడిచింది. మామయ్య అన్నగారు రాజమండ్రి నుంచి వచ్చారు. ఆయన్ని మేం పెద్దమామయ్య అనేవాళ్ళం. మంచివాడే, గట్టిగా మాట్లాడి ఎరగడు. వాళ్ళమ్మకి రోజూ కొడుకు తడిబట్టలతో గుమ్మంలో నిలబడ్డట్టు కలలు వస్తున్నాయట. లోపలికి రమ్మంటే రాడట, ఆరిన బట్టలిమ్మంటాడట. ఆవిడ అన్నం మానేసి మంచం పట్టింది. పురోహితుణ్ణి అడిగితే, దర్భలతో మనిషి బొమ్మ కట్టి దానికి దహనం చేసి, కర్మ జరిపించమన్నాడు.

"వాడి ప్రాణం దారి తెలీక తిరుగుతోందండి అత్తయ్యగారూ," అన్నారాయన నాయనమ్మతో. "మనం పంపకపోతే ఎవరు పంపుతారు? రత్నాన్ని మీరే ఒప్పించాలి."

అత్తయ్య అక్కడే ఉంది. కాఫీ గ్లాసు ఆయన ముందు పెట్టి, "పంచదార సరిపోయిందాండి బావగారూ?" అని అడిగి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆవిడ చేతి గాజులు కాసేపు గలగలమని, ఆగిపోయాయి. కర్మ జరిగితే ఆ గాజులుండవని మాకందరికీ తెలుసు. నాయనమ్మ ఆలోచించి చెబుతామంది.

ఆ శనివారమే మొదటిసారి జరిగింది. అమ్మ బట్టలు వేరుచేస్తూ ఒక లాల్చీ తీసి, అలాగే చేతిలో పట్టుకుని నిలబడిపోయింది. ఇస్త్రీ మడత నలిగి ఉంది. చంకల్లో గంజి మెత్తబడి ఉంది. మెడపట్టీ మీద పచ్చగా, చెమట చార. నాయనమ్మ దాన్ని తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. "మనిషి వాసన," అంది మెల్లగా. నాన్నగారిని పిలిచారు. ఆయన బట్ట కేసి చూసి, వెళ్ళి మేడ మీద కిటికీలూ పెరటి తలుపు గడియా లాగి చూసుకుని వచ్చారు. అన్నీ వేసినవి వేసినట్టే ఉన్నాయి. అప్పుడు అత్తయ్య నూతి దగ్గర్నుంచి వచ్చి, అమ్మ చేతిలోంచి లాల్చీ తీసుకుంది.

"ఆయన వేసుకున్నారు," అంది. వాన వచ్చేలా ఉంది అన్నట్టే అంది.

ఆ తరవాత దాదాపు ప్రతి వారం ఏదో ఒక లాల్చీ మాసి ఉండేది. ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. నాన్నగారు కొట్లోనే ఎక్కువసేపు ఉండేవారు. నేను మేడమెట్ల కింద నుంచి నడవాల్సి వస్తే ఊపిరి బిగబట్టి పరిగెత్తేదాన్ని. ఒకరోజు బడి నుంచి మధ్యాహ్నం అన్నానికి వచ్చాను. ఎండాకాలం, ఇల్లంతా పడుకుని ఉంది. అమ్మ పడుకునే ముందు, మేడ మీద ఎండబెట్టిన వడియాల మీద గుడ్డ ఎగిరిపోయిందేమో చూసి రమ్మంది. కాదనడానికి భయపడి వెళ్ళాను. మామయ్య గది తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల మామయ్య పడకకుర్చీ కిటికీవైపు తిప్పి ఉంది. నాకు కుర్చీ వెనకభాగమే కనబడింది. కుర్చీ చెయ్యి మీద తెల్లటి లాల్చీ చెయ్యి ఉంది. అది ఖాళీ చెయ్యి కాదు. లోపల ఏదో ఉన్నట్టు నిండుగా, మోచేతి దగ్గర వంగి ఉంది. నేను కదలలేదు. గాలి లేదు. ఆ నిశ్శబ్దంలో గంజి పెట్టిన బట్ట కదిలిన చప్పుడు, గరగరమని, ఊపిరి తీసి వదిలినంతసేపు వినిపించింది. మళ్ళీ వినిపించింది. మెట్లు ఎలా దిగానో తెలియదు. అమ్మ పక్కలో దూరి కళ్ళు మూసుకున్నాను. ఆ వేళప్పుడు అత్తయ్య ఎక్కడుందో చూడాలని నాకు తోచలేదు. జ్వరం వస్తే వడదెబ్బ అనుకున్నారు.

మరి కొన్నాళ్ళకి అత్తయ్య బయటచేరిన రోజులు సరిగ్గా ఉతుకుల రోజున పడ్డాయి. ఆవిడ ఆ మూడు రోజులూ దేన్నీ ముట్టుకోకూడదు. వచ్చే వారానికి ఉంచెయ్యమంది గాని, నాయనమ్మ వినలేదు. మొదటిసారి మామయ్య బట్టలు ఉతకడానికి అమ్మ చేతికి వచ్చాయి. నేను పక్కన నిలబడి చెంబుతో నీళ్ళు పోస్తున్నాను. మాసిన లాల్చీ తడిపి, మెడపట్టీ బండ మీద పరిచి, అమ్మ బారుసబ్బుతో గట్టిగా రుద్దింది. రుద్దిన చోట బట్ట ఎర్రబడింది. ఇంకోసారి రుద్దింది. ఎరుపు మెడ చుట్టూ పాకింది. నురగ ఎర్రగా బండ మీదికి కారింది.

"అమ్మా, రక్తం," అన్నాను. చెంబు చేతిలోంచి జారిపోయింది.

అమ్మ సబ్బు చేతిలో అలాగే పట్టుకుని ఆ ఎరుపుని చూస్తూ ఉంది. చప్పుడు విని నాయనమ్మ వచ్చింది. వంగి, వేలితో ఆ నురగ తీసి చూసుకుంది. తరవాత అమ్మ ముఖంలోకి చూసింది. అమ్మ ఆవిడ ముఖంలోకి చూసింది. పెరటి చివర, ఆ మూడు రోజులూ అత్తయ్య ఉండే పాక వైపు ఇద్దరూ ఒకేసారి తలతిప్పి, మళ్ళీ తిప్పుకున్నారు.

"బాగా జాడించి ఎర్రటి ఎండలో వెయ్యి," అంది నాయనమ్మ. "నీడలో వేస్తే పోదు." తరవాత నా గడ్డం పట్టుకుని, "సత్యా, చూసింది ఎవరితోనూ అనకు. నాన్నతో కూడా," అంది.

నేను అనలేదు. మామయ్య గాయాలతో వస్తున్నారనీ, లాల్చీ వేసుకుంటే రక్తం అంటుతోందనీ, అది సబ్బు తగిలితేనే బయటపడుతుందనీ నాకు నేనే కథ అల్లుకున్నాను. సాయంత్రానికి ఆ మెడపట్టీ ఎండలో తెల్లగా అయిపోయి ఉండడం నాకు ఎరుపు కన్నా ఎక్కువ భయం పుట్టించింది.

పెద్దమామయ్య ఈసారి ముహూర్తం పెట్టించుకునే వచ్చారు. వాళ్ళమ్మ పరిస్థితి బాగాలేదు. నాయనమ్మ ఆయన్ని కూర్చోబెట్టి, ఆ వారం మాసిన లాల్చీ తెప్పించి ఒళ్ళో పెట్టింది.

"చూడు బాబూ. వారం వారం ఇలాగే మాస్తున్నాయి. ఇస్త్రీ చేసి పెడితే విడిచి వెళ్తున్నాడు. తలుపులు వేసినవి వేసినట్టే ఉంటున్నాయి. వస్తున్న మనిషికి కర్మ చెయ్యమంటావా?"

ఆయన లాల్చీ మెడపట్టీ చూశారు. పచ్చటి చార మీద వేలు పెట్టబోయి వెనక్కి తీసుకున్నారు. "ఇది వాడి... మీరు చూసేరా అత్తయ్యగారూ, వాణ్ణి?"

"నేను మొదటిసారే వాసన చూసేను. అల్లుడి వాసన నాకు తెలీదా?"

నిష్ఠగల మనిషి నాయనమ్మ. ఏకాదశి ఉపవాసం తప్పదు, నోట అబద్ధం వినలేదు మేమెవ్వరం. ఆవిడే ఆ మాటంటే ఇంక కాదనేదెవరు? పెద్దమామయ్య ముఖం పాలిపోయింది. ముహూర్తం కాగితం జేబులో పెట్టుకుని భోజనానికి కూడా ఆగకుండా వెళ్ళిపోయారు. అమ్మ తలుపు చాటున నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. ఇప్పుడు చెప్పలేను.

నేను పెద్దమనిషినైనప్పుడు పేరంటాళ్ళందరూ నాకు పసుపు రాశారు. ఆ చీర జాకెట్టు నేనే ఉతుక్కోవలసి వచ్చింది. సబ్బు రుద్దాను. మెడ దగ్గర బట్ట ఎర్రబడింది. బండ మీద అదే ఎర్రటి నురగ. పసుపులో సున్నం కలిపితే పారాణి అవుతుందని తెలిసినదాన్ని, సోడా సబ్బుకీ అదే జరుగుతుందని అన్నేళ్ళు నాకు తట్టలేదు. అమ్మ దగ్గరికి వెళ్ళి జాకెట్టు చూపించాను. ఏమీ అడక్కుండానే ఆవిడకి అర్థమైంది.

"మాకు ఆ రోజే తెలిసింది," అంది. "మగవాళ్ళు మెడకి పసుపు రాసుకోరుగా."

మధ్యాహ్నం పూట ఇల్లు సద్దుమణిగాక అత్తయ్య లాల్చీ తొడుక్కుని ఆ కుర్చీలో కూర్చునేది. నేను చూసింది ఆవిడ చెయ్యే. "కర్మ తప్పించుకోడానికి కావాలని మాపిందా అమ్మా?" అన్నాను. "అడగలేదు," అంది అమ్మ. "మీ నాయనమ్మా అడగలేదు. మేమిద్దరం కూడా ఆ సంగతి ఎప్పుడూ మాట్లాడుకోలేదు. అడిగితే వదినగారు మానేసేవారు. మానేస్తే ఏం చేసేవారు?"

నాయనమ్మ పోయిన ఏడాదికి అత్తయ్య తనంతట తనే పెద్దమామయ్యకి కబురు పెట్టింది. ఇంక చేసేద్దాం అంది. ఎవరూ ఒత్తిడి చెయ్యలేదు. కారణం చెప్పలేదు. దర్భబొమ్మకి కొత్త పంచె తెస్తామంటే వద్దని, మామయ్య గంధం రంగు పట్టు లాల్చీ బయటికి తీసింది. ముందురోజు కుంకుడుకాయలు కొట్టి, గింజలు తీసి, వేణ్ణీళ్ళలో నానబెట్టి పిసికి, ఆ పులుసుని రెండుసార్లు వడగట్టింది. లాల్చీని బండ మీద కొట్టలేదు. పసిపిల్ల తల అంటినట్టు అరచేతుల మధ్య అద్ది అద్ది ఉతికి, నీడలో ఆరేసింది. కోటిపల్లి రేవులో ఆ లాల్చీ తొడిగిన దర్భబొమ్మ చితి మీద పడుకుని ఉంటే, గాలికి దాని చెయ్యి ఒకటి లేచి పక్కకి పడింది. పెద్దమామయ్య ఏడుస్తూ కొరివి పెట్టారు. పట్టు కాలిన వాసన, జుట్టు కాలిన వాసనలాగే ఉంటుందని ఆ రోజు తెలిసింది. ఇంటికి వచ్చి అత్తయ్య గాజులు తనే తీసి పెట్టింది. తెల్లారి పసుపు డబ్బా అమ్మ చేతికిచ్చింది. మిగిలిన లాల్చీలు ఎవరికి కావాలంటే వాళ్ళకి ఇచ్చెయ్యమంది. ఎవరూ తీసుకోలేదు. వాటినీ ఆ రేవుకే తీసుకెళ్ళి వదిలేశారు నాన్నగారు.

ఇప్పుడు ఉతుకంటే ఒక గుండ్రటి అద్దం తలుపు. దాని వెనక అందరి బట్టలూ కలిసి దొర్లుతాయి. అందరి చెమటా అందరి మురికీ ఒకే నీళ్ళలో పోయి, బయటికి వచ్చేసరికి అన్నీ ఆ సీసాలోని పువ్వు వాసనే. నడుములు విరగవు, చేతులు పగలవు, అది మంచిదే. మా అత్తయ్య వేళ్ళు సోడాకి పగిలి నెత్తురు కారిన రోజులు నేను మర్చిపోలేదు, ఆ కష్టం మళ్ళీ రావాలని కోరుకోను. కాని మా ఇంట్లో చీకట్లో ఒక బట్ట చేతికి తగిలితే అది ఎవరిదో ముక్కు చెప్పేది. మనిషి ఊరెళ్ళినా అతని వాసన దండెం మీద ఇంకో రెండు రోజులు ఉండేది. పోయినవాళ్ళు ఇంట్లోంచి పోవడానికి అప్పట్లో చాలాకాలం పట్టేది. ఇప్పుడు ఒక విడత ఉతుకుతో పోతారు. ఏది మంచిదో నాకు తెలియదు.

అత్తయ్య చివరి రోజుల్లో నా దగ్గరే ఉంది. అమ్మ అప్పటికే లేదు. ఒక మధ్యాహ్నం ఆవిడ తలకి నూనె రాస్తూ, ఇంక దాచేదేముందని అడిగేశాను. కుర్చీలో చూసింది, ఎర్రటి నురగ, నాయనమ్మ ఆడిన అబద్ధం, అన్నీ చెప్పాను. ఆవిడ కళ్ళు మూసుకుని విని, నవ్వింది.

"మీ అమ్మకీ మా అమ్మకీ తెలుసని నాకు తెలుసే. నీకు తెలుసనుకోలేదు."

"కావాలనే మాపేవారా అత్తయ్యా?"

"మొదటిసారి కాదు. వేసుకుని కూర్చున్నాను, అంతే. చెమట పట్టింది. తరవాత మీవాళ్ళు భయపడుతుంటే, పోనీ ఇలాగైనా ఆగుతుందని ఊరుకున్నాను." కళ్ళు తెరవలేదు. నిద్రపోయిందనుకున్నాను. "తెల్లవన్నీ నేనే వేసుకునేదాన్ని సత్యా. నూలుబట్టలు, ఉడకబెడితే పోతుంది. పట్టుది మాత్రం ఎప్పుడూ తొడగలేదు. చెమట పడితే పట్టు కుళ్ళిపోతుందని భయం."

"మంచిదే కదా," అన్నాను.

"అదీ మాసేది."

నా చెయ్యి ఆవిడ తల మీదే ఆగిపోయింది.

"మా అమ్మ వేసుకుంటోందేమో, నాకు సాయంగా, అనుకునేదాన్ని. చేతుల అంచుల్లో ఒండ్రుమట్టి ఉండేది. కాలువలు కట్టేసి, ఊళ్ళో ఎక్కడా తడి లేని రోజుల్లో కూడా. దులిపేసి, ఎవరికీ చూపించకుండా కుంకుడుకాయతో ఉతికి పెట్టేసేదాన్ని. అమ్మ పోయిన తరవాత శనివారం బీరువా తెరిచాను. మళ్ళీ మాసి ఉంది."

బయట ఎవరో కొబ్బరికాయలు అమ్ముకుంటూ పోతున్నారు. ఆ కేక వీధి మలుపు తిరిగేదాకా ఆవిడ ఆగింది.

"అందుకే దాన్ని తొడిగి పంపించేశాను," అంది. "ఆయన వేసుకునేది అదొక్కటేగా."